సబ్బునీళ్ల అక్షింతలు

మా అమ్మ గుమ్మడికాయ మీద పుట్టింది. భుజాలు తడుముకునే గుమ్మడికాయ కాదు, నిజం గుమ్మడికాయే. పురుగుల్ని పెంచే చోట పండు గుమ్మడికాయలకు ముందు పిండినల్లి పట్టించి, అది తెల్లగా అల్లుకున్నాక మావాళ్లను వదులుతారు. అక్కణ్ణించి అమ్మ చిన్న డబ్బాలో ప్రయాణం చేసి రాజమండ్రిలో ఒక పెరట్లోని ముద్దమందారం మీద దిగింది. నేను ఆ చెట్టు మీదే, పిండినల్లి గుడ్లు పెట్టుకున్న దూదిలో పుట్టాను.

మమ్మల్ని అక్షింతల పురుగులంటారు. ఎర్ర రెక్కల మీద నల్లచుక్కల వాళ్లు మా దాయాదులు. మాకు ఆ సోకుల్లేవు. నల్లటి ఒళ్లు, తలా తోకా నారింజ రంగు, పెద్దయ్యాక 4 మిల్లీమీటర్లు. శాస్త్రం పేరు క్రిప్టోలీమస్. పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1898లో కాఫీ తోటల్లో పొలుసు పురుగుల పని పడతామని మా పూర్వీకుల్ని ఇండియాకు తెచ్చారు. ఆ పని పెద్దగా చేసినట్టు లేదు. పిండినల్లి రుచి మరిగి ఇక్కడే ఉండిపోయారు.

ఆ మందారం కడియం నుంచి తెచ్చి నాటింది. రెండేళ్లు విరగబూసిందట. నేను పుట్టేసరికి మాత్రం చిగుళ్లు గుప్పెట మూసినట్టు ముడుచుకుని, మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. పిండినల్లి రసం పీల్చి వదిలే తీపి జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద మసి పట్టింది. ఆ జిగురు కోసం చీమలు బారులు తీరేవి. పాలిచ్చే గేదెను కాసినట్టు పిండినల్లిని కాసేవి, మాలాంటి వాళ్లు కనబడితే తరిమేవి. అంతకుముందు ఏదో మందు కొట్టించారట. ఒంటి మీద మైనం, చుట్టూ ముడతపడ్డ ఆకు. మందు లోపలికి దిగితేగా!

ఆ చీమల కళ్లు కప్పడానికే మాకు పుట్టుకతోనే ఒక వేషం ఉంది. చిన్నతనంలో మా ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులు. చూస్తే అచ్చం పిండినల్లే. చీమలు చాలాసార్లు మోసపోయేవి. వాటి పక్కనే కూర్చుని, అవి కాపలా కాస్తున్న వాటినే తినేదాన్ని.

వేషం చీమల కోసం వేసుకున్నాను, ఆ ఇంటి మామ్మగారి కోసం కాదు. ఒకరోజు పొద్దున్నే పూజకు పువ్వుల కోసం వచ్చి, "నల్లి ఇంకా ముదిరిపోయింది, ఇంతింత పురుగులు!" అని పాత టూత్‌బ్రష్షూ సబ్బునీళ్ల చెంబూ పట్టుకొచ్చారు. ముందు పెద్దగా కనబడ్డ వాటినే తోమారు. పెద్దగా ఉన్నవన్నీ మావాళ్లే. నేను ఒక ముడతాకు లోపల ఉండి బతికాను.

మనవడు వచ్చి తల పట్టుకున్నాడు. ఒక పిండినల్లినీ నన్నూ ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"పుల్లతో కదిపి చూడు మామ్మా."

అది ఉన్నచోటే ఉంది. దానికి మూడింతలున్న నేను ఆవిడ మణికట్టు దాకా పరుగెత్తాను.

"అయ్యో, డబ్బులు పెట్టి తెప్పించిన వాటిని పొట్టన పెట్టుకున్నానురా!"

ఆ సాయంత్రం మొదలుకి గుడ్డ చుట్టి గ్రీజు పూశాడు. గోడకు తగిలే కొమ్మలు రెండు నరికాడు, చీమలకు అదే రాజమార్గం. గట్టిగా ముడుచుకున్న చిగుళ్లను తుంచి కవర్లో మూటకట్టి పారేశాడు. నేనున్న ఆకును మాత్రం ఉంచాడు. చీమలు పోయాక మా పని తేలికైంది. నేనూ మిగిలిన అన్నదమ్ములూ కడుపునిండా తిని, ఎండుటాకు మడతలో నిద్రపోయి, రెక్కలతో లేచాం.

ఇప్పుడు మందారం మళ్లీ పూస్తోంది. మామ్మగారు రోజూ పుల్ల పట్టుకుని వస్తారు, కదపడానికి ఏమీ దొరకదు. నాకూ దొరకడం లేదు. కడుపులో గుడ్లున్నాయి. ఎదురింటి జామచెట్టు మీద తెల్లగా కనబడుతోంది గానీ, ఆ ఇంటాయన ఆదివారం ఆదివారం పంపు భుజాన వేసుకుంటాడు. ఇవాళ గురువారం.