కొన్నాళ్లు ఊరనీ

నేను కపిల బావిని, ఎద్దులతో నీళ్లు తోడిన బావిని. అనంతపురం వైపు ఒక పల్లెలో చెరువు కట్ట దిగువన ఉంటాను. ఎద్దులు పోయి యాభై ఏళ్లు కావొస్తున్నా ఊళ్లో ఇంకా నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు.

నన్ను తవ్విన వాళ్లకు మొదట ఎర్రమట్టి తగిలింది, తర్వాత గరుసు. ఆ కింద చేత్తో నలిపితే పొడయ్యే మెత్తరాయి. అదీ దాటాక గునపం మొన వంచే కటికరాయి. దాని వయసు 250 కోట్ల ఏళ్లు ఉంటుందట. అంత పాతదైనా నీళ్లు దాచుకోవడం దానికి చేతకాదు. నీరు నిలిచేదల్లా మెత్తరాయిలో, రాతి నెర్రెల్లో. నా బతుకంతా ఆ కాస్త జాగాలోనే.

మా సీమలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్యపు మబ్బులు తూర్పు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి ఒట్టిపోతాయి. అందుకే పూర్వీకులు వాగు వాగుకూ కట్ట వేశారు. అనంతపురానికి ఆ పేరు అనంతసాగరం చెరువు వల్లే వచ్చిందంటారు. బుక్కపట్నం, సింగనమల చెరువుల ముందు మా ఊరిది చిన్న కుంటే! అయినా దాని మరవ పారిన ఏడు నాలో నీళ్లు చేతికందేవి.

తెల్లారుజామున కపిల కట్టేవాళ్లు. పొద్దెక్కితే ఎద్దులు అలసిపోయేవి, విప్పేవాళ్లు. అవి మేత మేసి నెమరేసేలోగా నాలో ఊట ఊరేది. నాకు కాపలా కాసింది మనుషుల జాగ్రత్త కాదు, ఎద్దుల అలసట.

ఎద్దుల తర్వాత ఇంజన్ వచ్చింది, దానికి అలసట తెలియదు. ఆ తర్వాత వచ్చిన కరెంటు మోటరుకు అసలే తెలియదు. 2004లో సాగుకు ఉచిత కరెంటు వచ్చాక ఆటోస్టార్టర్లు బిగించారు. అర్ధరాత్రి కరెంటొస్తే మోటరు దానంతటదే లేచేది. శెనక్కాయ వానను నమ్ముకున్న పంట, దాంతో నాకు పేచీ లేదు. చీనీ తోట అట్ల కాదు, ఏడాది పొడుగునా తడి అడుగుతుంది. చెట్టును ఎండబెట్టుకోలేక ట్యాంకర్లతో నీళ్లు తోలిన రైతులను చూశాను. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మొదట నా అడుగునే బోరు వేశారు. తర్వాత చుట్టూ. అరచేతిలో టెంకాయ పెట్టుకొని ఒకాయన చేనంతా తిరిగేవాడు, అది నిలబడిన చోట పాయింటు. రెండొందల అడుగులు, నాలుగొందలు, ఆరొందలు. ఒక్కోసారి రెండించుల నీళ్లు, చాలాసార్లు తెల్ల దుమ్ము. 2002లో వాల్టా చట్టం వచ్చింది. అనుమతి లేకుండా బోరు వేయకూడదంది. బోరు బండి రాత్రిళ్లు రావడం మొదలైంది. ఈలోగా చెరువు పూడింది, నేను ఎండాను. నాలో చెత్త పడింది. గిజిగాళ్లు కూడా గూళ్లు ఖాళీ చేసిపోయాయి.

2012లో హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు జీడిపల్లి దాకా వచ్చాయని గట్టుమీద చెప్పుకున్నారు. మా చెరువుకు ఆ కాలువ అందదు. మాకు దక్కిందల్లా ఉపాధి కూలీలు ఎగువ చేలో తవ్విన పంటకుంట, చెరువులో కాస్త పూడికతీత. ఆ తర్వాత ఒక ఆశ్వయుజంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. నా తూర్పు గోడ చెమ్మగిల్లింది. వారానికి అడుగున మోకాటిలోతు నీళ్లు.

మొన్న చీనీ తోట అబ్బి తొంగిచూసి, "నాయనా, మోటరు దించుదామా?" అన్నాడు.

వాళ్ల నాయన గట్టుమీద కూర్చొని చాలాసేపు లోపలికే చూశాడు.

"కొన్నాళ్లు ఊరనీ అబ్బీ."