మేఘాల కొండకి మబ్బు పట్టిన రోజు

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. అక్కడ చలికాలం రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడట. ఈ సంగతి మా అమ్మకి ఎవరు చెప్పారో గానీ, ఆ పుణ్యాత్ముడి దయవల్ల ఒక డిసెంబరు రాత్రి మా ఇంట్లో బీరువా అడుగు అర తెరుచుకుని, రెండు మంకీ క్యాపులు బయటపడ్డాయి. రెండూ ఒకే వంకాయ రంగు. రెండింటికీ నెత్తిన ఒకే రకం ఊలు బంతి. ఎప్పుడో నాన్న కాశీ వెళ్ళినప్పుడు, బేరం కుదిరిందన్న సంబరంలో జతగా కొనుక్కొచ్చినవి. ఏళ్ళ తరబడి కలరా ఉండలతో కాపురం చేశాయేమో, తలకి పెట్టగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"మేం వెళ్ళేది లంబసింగి కాదమ్మా, వంజంగి" అన్నాను.

"చలికి ఊరి పేర్లు తెలుస్తాయిట్రా?" అంది.

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడికి కాలాలు రెండే: ఉక్కపోత, తుపాను. అలాంటివాణ్ణి కొండెక్కించాలన్న బుద్ధి మా బావగారికి ఫోన్‌లో ఒక వీడియో చూశాక పుట్టింది. వంజంగి కొండ మీద నిలబడితే కింద లోయంతా తెల్లటి మబ్బులు, నడుమ నడుమ లంకల్లా తేలే కొండ కొనలు, పైన అప్పుడే లేచిన సూర్యుడు. "పాలసముద్రం! విష్ణుమూర్తి ఒక్కడే తక్కువ" అన్నారు. ఆ లోటు తాను తీర్చగలనన్నట్టు పొట్ట నిమురుకున్నారు కూడా.

ఆ వారం బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. మా ఊరివాళ్ళకి అల్పపీడనమంటే పండక్కొచ్చే మేనత్త లాంటిది. వస్తుందని అందరికీ తెలుసు, ఎన్నాళ్ళుంటుందో ఆవిడకే తెలియదు. మానేద్దామా అంటే బావగారు ఒప్పుకోలేదు. రాత్రి ఒంటిగంటకి కారెక్కాం. వంజంగికి దారి పాడేరు మీదుగా. పాడేరు సుమారు 110 కిలోమీటర్లు, అందులో చివరిదంతా ఘాట్ రోడ్డు. ఒక మలుపులో అద్దం దించి తల బయట పెట్టి చూశాను. ఆకాశంలో మచ్చుకి ఒక్క నక్షత్రం లేదు.

"చూశావా, మబ్బులు ముందే వచ్చి కూర్చున్నాయి. మనకింక గ్యారంటీ" అన్నారు బావగారు.

పాడేరు దాటి కొండ కిందకి చేరేసరికి మాలాంటి మహానుభావులు వందమంది ఉన్నారు. నడక గంటకి మించదు. కానీ ఆ గంటలో మనిషికి తన మోకాళ్ళతో కొత్త పరిచయం అవుతుంది. ఎర్రమట్టి చిరుజల్లుకి తడిసి సబ్బుబిళ్ళలా ఉంది. ఫోన్ల టార్చిలైట్ల వెలుగులో ముందువాడి మడమ తప్ప ఏమీ కనబడదు. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ "ఇంకెంత దూరమండీ?" అని అడుగుతున్నాను. "వచ్చేసిందండీ, అదిగో" అంటున్నారు. దేశంలో ఏ కొండ మీదైనా ఈ అబద్ధం ఒక్కటే, చెప్పేవాళ్ళే మారతారు. ఈలోగా నెత్తిన కట్టెల మోపుతో ఒకావిడ, కాళ్ళకి హవాయి చెప్పులు, పక్కనున్న మనిషితో కబుర్లాడుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. మూడువేలు పెట్టి కొన్న నా బూట్లు సిగ్గుపడి ఇంకో రెండుసార్లు జారాయి.

పైకి చేరాం. తెల్లారింది. తెల్లారిందని గడియారం చెబితే నమ్మాం. ఎటు చూసినా తెలుపు. పాలసముద్రం ఉన్నమాట నిజమే, మేం ఒడ్డున కాక లోపల ఉన్నాం. బావగారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, తుడిచిన మరుక్షణం మళ్ళీ మసకేస్తుంటే, చెయ్యి చాపి "అదిగో, అటు ఎర్రబడుతోంది" అన్నారు. ఎవరిదో ఎర్ర గొడుగు.

నాకు ఒళ్ళు మండింది. పక్కనున్న వంకాయ రంగు టోపీతో, "పెద్దరికం కదా అని మాటకి విలువిచ్చి తప్పు చేశాను బావగారూ" అన్నాను. టోపీ ఇటు తిరిగింది. లోపలున్నది అనకాపల్లి ఆసామీ. "మా బావగారూ అంతేనండీ" అన్నాడు జాలిగా. కాశీలో ఆ కొట్టువాడు ఎన్ని టోపీలు అమ్మాడో గానీ, ఆ పొద్దున కొండ మీద అరడజను లెక్కపెట్టాను.

టీ అమ్ముతున్న ముసలమ్మ దగ్గర కూలబడ్డాం. "రాత్రి వస్తా వస్తా సుక్కలు అగుపించినాయా బాబూ?" అని అడిగింది. లేదన్నాను. "సుక్కలుంటేనే కింద మబ్బు కూకుంటాది. లేపోతే నేదు" అంది, గ్లాసు కడుగుతూ.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కొండవాలు మీదుగా లోయలోకి జారుతుంది. అక్కడి తేమ మంచై పరుచుకుంటుంది. అదే ఆ పాలసముద్రం. ఆకాశం నిండా మబ్బుంటే నేలకి దుప్పటి కప్పినట్టే, వేడి పోదు, లోయలో మంచు పరుచుకోదు. పై మబ్బే దిగివచ్చి కొండ నెత్తిన కూర్చుంటుంది. అంటే, మబ్బులు చూడాలంటే మబ్బు లేని రాత్రి చూసుకుని రావాలి. పదిరూపాయల టీతో పాటు ముసలమ్మ ఉచితంగా చెప్పిన ఈ ముక్క, బావగారు చూసిన పదిహేను వీడియోల్లో ఒక్కటీ చెప్పలేదు.

దిగుతున్నప్పుడు వెలుతురొచ్చింది, ఎక్కినప్పుడు ఏం దాటామో అప్పుడు తెలిసింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్ల మొదళ్ళకి అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ కొమ్మకి కణుపు కణుపునా గుత్తిగా ఎర్రటి పళ్ళు. దారి పక్క పళ్ళు ఏరుతున్న అమ్మాయి ఒకటి చేతిలో పెట్టింది. నొక్కితే తోలు చిట్లి, జిగటగా రెండు గింజలు ఎదురెదురుగా నడుములు ఆనించుకుని బయటికి జారాయి. తోలు నమిలితే తియ్యగా ఉంది, కాఫీ వాసన లేనే లేదు. ఒక ఇంటి ముందు ఆరబోసిన గింజల మీద టార్పాలిన్ కప్పి, ఇంటాయన చేతులు కట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు. ఎండ రాకపోతే మాకు ఫొటో పోయింది, ఆయనకి సరుకు బూజు పడుతుంది. ఆ ఇల్లు దాటేదాకా నేను నోరెత్తలేదు. బావగారు కూడా.

కొండ కింద కొత్త గుంపు ఎదురైంది. "పైన ఎలా ఉందండీ?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే బావగారు, "అద్భుతం! చూసి తీరాలి" అన్నారు. కారెక్కాక అదేమిటని అడిగితే, "మనమొక్కళ్ళమే ఎందుకూ?" అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ ఫొటో చూస్తానంది. తెల్లటి తెలుపులో రెండు వంకాయ రంగు టోపీలు, భుజమ్మీద చేతులేసుకుని.

"ఇందులో నువ్వెవరు, అల్లుడుగారెవరు?" అంది.

పెద్దది చేసి చూశాను. ఒకటి నేనే. రెండోది అనకాపల్లి ఆసామీ.