మహనీయులు కాబోయేవారికి మనవి

భీమవరం చుట్టుపక్కల మహనీయులు కాదలచుకున్నవారు ముందు చనిపోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. బతికున్న మనిషికి మైకు ఇస్తే ఏదో ఒకటి అడుగుతాడు, ఇవ్వకపోతే అలుగుతాడు. పోయినవాడితో ఆ బెంగ లేదు. దండ వేస్తే వేయించుకుంటాడు. ముందు వరసలో కుర్చీ ఎవరికి వేశారని చూడడు. ఫ్లెక్సీ మీద తన బొమ్మ ఓ మూలన వేసి ఎమ్మెల్యేగారిని నిలువెత్తున నిలబెట్టినా నొచ్చుకోడు. ఇంతటి సౌమ్యుడు కాబట్టే ఆయన సేవలు మరువలేనివని వక్తలంతా అంటారు. ఏ సేవలో మాత్రం చెప్పరు. చెబితే సభ చెడుతుంది.

ఇంట్లో చేసే కర్మకీ ఊరు చేసే సంస్మరణకీ తేడా తెలియాలంటే కాకిని అడగాలి. పెద్దకర్మ నాడు పిండం పెట్టి బంధువులంతా గట్టున నిలబడి ఎదురుచూస్తారు. కాకి ముట్టకపోతే అందరి ముఖాల్లో నెత్తురు చుక్క ఉండదు. పోయినాయనకి ఏదో కోరిక మిగిలిపోయిందని గుసగుసలు మొదలవుతాయి. పెద్దకొడుకు చేతులు జోడించి “చెల్లి పెళ్ళి నేను చేస్తాను నాన్నా” అంటాడు. కాకి రాదు. “ఆ ఎకరం అమ్మనులే” అంటాడు. ఎక్కడో సరైన మాట తగిలితే దిగుతుంది. మీరు నమ్మండి, నమ్మకపోండి, అందులో ఒక మర్యాద ఉంది. పోయినవాడికి ఏదో కావాలి, అదేమిటో మనం కనుక్కోవాలి అన్న మర్యాద. బహిరంగ సంస్మరణ సభల్లో మతానికి సంబంధించిన సరంజామా అంతా ఉంటుంది, ఒక్క కాకి తప్ప. దాన్ని పిలిస్తే పొద్దుగూకేదాకా ముట్టదని నిర్వాహకులకి తెలుసు.

మిగతాదంతా దండిగానే ఉంటుందండి. మొదట జ్యోతి ప్రజ్వలన. ఐదు వత్తులకి పదకొండు చేతులు. “ఇటు చూడండి సార్” అని ఫోటోగ్రాఫరు అనగానే పదకొండు మందీ దీపాన్ని దాని ఖర్మానికి వదిలేసి కెమెరా వంక చూస్తారు. నాస్తికుడి వర్ధంతి అయినా ఇదే వరస, వత్తులు కూడా తగ్గించరు. తర్వాత వేదపండితుల ఆశీర్వచనం. చనిపోయినవాడి సభలో ఆశీర్వచనం ఎవరికా అని తెలియనివాళ్ళు అడుగుతారు. నూరేళ్ళ ఆయుష్షు మంత్రిగారికండీ. సర్వమత ప్రార్థన పెడితే పాస్టరుగారూ వస్తారు, ఇమాంగారూ వస్తారు. ముగ్గురూ మూడు పద్ధతుల్లో ఒకే ఎమ్మెల్యే కోసం ప్రార్థిస్తారు. మత సామరస్యానికి ఇంతకు మించిన రుజువు డెల్టాలో మరెక్కడా దొరకదు. రెండు నిమిషాల మౌనం అర నిమిషంలో ముగుస్తుంది. దాన్ని ముగించేది గడియారం కాదు, ఆలస్యంగా వచ్చిన నాయకుడి కాన్వాయి.

ఈ విద్య శిఖరానికి చేరింది 2022 జులై 4న, మన భీమవరంలోనే. ఊరు జిల్లా కేంద్రమై మూడు నెలలు. అల్లూరి సీతారామరాజు 125వ జయంతి ఉత్సవాలకి ప్రధాని నరేంద్ర మోదీ వచ్చారు. 30 అడుగుల కంచు విగ్రహం, 15 టన్నుల బరువని పత్రికలు రాశాయి. పెట్టించింది క్షత్రియ సేవా సమితి. మావాడు అనుకుని చేతి డబ్బు పెట్టి నిలబెట్టుకుంటే కాదనడానికి మనమెవరం? కాకపోతే గాం గంటం దొరకీ, గాం మల్లు దొరకీ సేవా సమితులు లేవు. రాజుగారి పక్కన నిలబడి పోరాడిన ఆ అన్నదమ్ముల ఫ్లెక్సీ మన ప్రకాశం చౌక్‌లో నేనైతే ఎప్పుడూ చూడలేదు. చూసినవారుంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తాను.

విగ్రహం ఏఎస్ఆర్ నగర్‌లో, సభ పెద అమిరంలో. అక్కణ్ణుంచే వర్చువల్‌గా ఆవిష్కరించారు. వేదిక మీద గవర్నరు బిశ్వభూషణ్ హరిచందన్, ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి, కేంద్రమంత్రి కిషన్ రెడ్డి, చిరంజీవి. లేనిదల్లా స్థానిక ఎంపీ. నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజుకి తన సొంత పార్టీ ప్రభుత్వంతోనే పడలేదు. రైలెక్కి బయల్దేరి హైదరాబాదు దాటకుండానే దిగిపోయారు. అల్లూరి గారు తెల్లవాళ్ళ బలగాలని దాటుకుని మన్యమంతా తిరిగారు గానీ, మన రాజకీయాలని దాటి భీమవరం రావడం ఎంపీకే సాధ్యం కాలేదు. ప్రధాని హెలికాప్టరు గన్నవరంలో లేచేసరికి కాంగ్రెస్ వాళ్ళు నల్ల బెలూన్లు వదిలారు. మహనీయుడి జయంతి నాడు ఎవరి నివాళి వారిది.

ఆ రోజు జరిగినవాటిలో ఒకదానికి మాత్రం నేను వంక పెట్టను. స్వాతంత్ర్య సమరయోధుడు పసల కృష్ణమూర్తి గారి కుమార్తె, తొంభై ఏళ్ళ పెద్దావిడ, కుర్చీలో కూర్చుని ఉంటే ప్రధాని వంగి ఆవిడ పాదాలకి నమస్కరించారు. దానికి రాజకీయం ఎంత అంటుకున్నా, ఆవిడ పాదాలు నిజమైనవి.

ఇక అసలు ముచ్చటకి వద్దాం. ఆ ఉత్సవాల సందర్భంగా కేంద్రం ప్రకటించినవి చదవాలి మీరు. రాజుగారి పూర్వీకుల ఊరు, మన పక్కనే ఉన్న మోగల్లులో అల్లూరి ధ్యాన మందిరం కడతారట. అందులో రాజుగారి విగ్రహం ధ్యానముద్రలో ఉంటుందట. గోడల మీద జీవితకథ బొమ్మలు, కృత్రిమ మేధతో సందర్శకులకి కథ చెప్పే ఏర్పాటు. ప్రభుత్వాల దగ్గర ఏ తెలివీ లేదని మనం ఊరికే అంటాం. వందేళ్ళ కిందట మద్రాసు ప్రభుత్వం మలబారు పోలీసుల్నీ, అస్సాం రైఫిల్స్‌నీ దింపి చేయలేని పనిని వీళ్ళు ఒక ముద్రతో చేశారు. కళ్ళు మూసుకున్న విప్లవకారుడి కన్నా ఏ ప్రభుత్వానికైనా ఇంకేం కావాలి? సందర్శకుడి ప్రశ్నకి జవాబు చెప్పే యంత్రం పెడతామన్నారు, సంతోషం. రాజుగారు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

రాజుగారు సన్యాసి కాదని నేననను. జపం చేశాడు, తపస్సు చేశాడు, కాషాయం కట్టాడు, మన్యంలో తాగుడు మానమన్నాడు. ఆ జపమాల తిప్పిన మనిషే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఎందుకు పడ్డాడు? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండవాళ్ళని పోడు కొట్టుకోనివ్వలేదు, అడవిలో కట్టెపుల్ల ముట్టనివ్వలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయిస్తూ గిరిజనుల చేత వెట్టి చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. అదీ రాజుగారి కోపం. పోడు, కట్టెలు, కూలి డబ్బులు. మన సభల్లో దీనంతటికీ కలిపి ఒకటే మాట: తెల్లదొరల గుండెల్లో నిద్రపోయిన వీరుడు. అడవి ఎగిరిపోయింది, కూలి ఎగిరిపోయింది, కాషాయం ఒక్కటే మిగిలింది. ఫ్లెక్సీవాళ్ళని అల్లూరి బొమ్మ అడిగితే వయసుని బట్టి ఇస్తారు. పెద్దవాళ్ళకి 1974 నాటి కృష్ణ, కుర్రాళ్ళకి 2022 నాటి రామ్ చరణ్. ఫోటోగ్రాఫరు కొడుకుగా పుట్టిన మనిషి ముఖానికి పట్టిన గతి ఇది.

కేంద్రం అదే ప్రకటనలో చింతపల్లి పోలీసు స్టేషనుని కూడా బాగుచేయిస్తామన్నారు. రాజుగారు కొల్లగొట్టిన స్టేషనుకి రాజుగారి జ్ఞాపకార్థం మరమ్మతులు. బాస్టియన్ విగ్రహం సంగతి ఎవరూ ప్రస్తావించలేదు గానీ, కులసంఘం దొరికితే అదెంత పని?

ఇప్పుడు రాజుగారి పేరుతోనే పాడేరు కేంద్రంగా ఒక జిల్లా ఉంది. ఆ జిల్లాలో నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి కొండ దించారన్న వార్త మనకి అలవాటైపోయింది. అప్పుడు వద్దంటున్నా కొట్టి రోడ్డు వేయించారు, ఎందుకంటే దొరల బళ్ళు వెళ్ళాలి. ఇప్పుడు కావాలని మొత్తుకున్నా చాలా గూడేలకి రోడ్డు లేదు, ఎందుకంటే వెళ్ళాల్సింది గర్భిణులు. అక్కడి టీచరు ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని ఏదో ఒక రూపంలో తిరిగి తెమ్మని వాళ్ళు అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. జెర్రెల కొండల్లో బాక్సైట్ తవ్వకానికి 2015లో జీవో 97 వచ్చి, గొడవై, 2019లో రద్దయింది. అంటే ఒక చేత్తో దండ పట్టుకున్న పెద్దల రెండో చేతిలో ఏ కాగితం ఉందో మన్యం వాళ్ళు చూసుకుంటూనే ఉండాలి. ఉత్సవాల ముగింపు 2023 జులై 4న జరిగింది. ఆదివాసీ అయిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చారు. ఆదివాసీల కోసం చచ్చినవాడి సభకి ఆదివాసీ రాష్ట్రపతి. ఇంతకంటే ఏం కావాలి, సభ జరిగింది హైదరాబాదులో అన్న చిన్న సంగతి తప్ప. ఘాట్ రోడ్డు పడదేమో పెద్దలకి.

రాజుగారి పేరు జిల్లాకి పెడితే ఒక్క అద్దం పగల్లేదు. మంచిదే. గోదావరికి అటుపక్క 2022 మే 24న ఏమైందో కూడా గుర్తు పెట్టుకోవాలి. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తామనగానే అమలాపురంలో మంత్రి విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. ఇదే మనుషులు ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహానికి దండ వేస్తారు. దండకి అభ్యంతరం లేదు, అడ్రసులో పేరుకే అభ్యంతరం. దండ సాయంత్రానికి వాడిపోతుంది, అడ్రసు ఆధార్ కార్డు మీద ఉండిపోతుంది.

అంబేద్కర్ విషయంలో మన మతాభిమానం ఇంకో మెట్టెక్కింది. ఒక పార్టీవాళ్ళు దండ వేసి వెళ్ళగానే రెండో పార్టీవాళ్ళు బిందెలతో వస్తారు. విగ్రహం మైలపడిందట. పాలతో కడిగి శుద్ధి చేస్తారు. 1927 మార్చిలో మహద్‌లో ఆయన తన జనంతో చవదార్ చెరువు నీళ్ళు తాగితే, అగ్రకులాలవాళ్ళు ఆ చెరువుని ఆవుపేడ, పంచితం, పాలు, పెరుగులతో శుద్ధి చేశారు. ఆయన బతుకంతా ఆ బిందెల మీద పోరాటం. ఇప్పుడవే బిందెలు ఆయన నెత్తి మీద కుమ్మరించి జై భీమ్ అంటున్నారు. తిట్టదలచినవాడికి కూడా ఇంత నిష్ఠ కుదరదు.

వంగవీటి రంగాగారి సంగతి ఎక్కువ చెప్పను, ఊళ్ళో ఉండాలి కదా. 1988 డిసెంబరు 26న విజయవాడలో ఆయన్ని చంపినప్పుడు ఎవరే పార్టీలో ఉన్నారో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు అన్ని పార్టీలూ ఆయనవే. అల్లూరి విషయంలోనూ అంతే. ఆయన తుపాకీ పట్టాడని అహింసావాదులైన కాంగ్రెస్ పెద్దలు ఆనాడు దూరంగా జరిగారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర చెట్టుకి కట్టి కాల్చేశాక, ఇక ఏ ప్రమాదమూ లేదని తేలాక, ఒక్కొక్కరే దగ్గరికి జరగడం మొదలుపెట్టారు. ఆ జరగడం ఇంకా ఆగలేదు.

కాబట్టి మహనీయులు కాబోయేవారికి నా మనవి ఏమిటంటే, పోయేముందు గట్టి ఏర్పాట్లు చేసుకోండి. మీకేం కావాలో వీలునామాలో రాయండి, రిజిస్టరు చేయించండి. మీరు దేవుణ్ణి నమ్మకపోతే దీపం వద్దని రాయండి. అయినా వెలిగిస్తారు, కనీసం మీ తప్పు ఉండదు. మీ కులం ఎక్కడా రాయకండి, వాళ్ళే కనుక్కుంటారు. కళ్ళు తెరిచి ఉన్న ఫోటో ఒకటి తీయించి మీ దగ్గరే పెట్టుకోండి.

మొన్న జులైలో మా వీధికి జయంతి చందాకి వచ్చారు. చింతపల్లి స్టేషన్లో పట్టుకెళ్ళిన తుపాకులకీ తూటాలకీ జాబితా రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్ళిన మనిషి రాజుగారు. ఆ ధైర్యంతో నేను రసీదు అడిగాను. కుర్రాడు నొచ్చుకున్నాడు. “అల్లూరి గారి పేరు మీద కూడా రసీదేంటండి బాబాయ్ గారూ!” అన్నాడు. వందిచ్చాను. అయిదొందలైతే ఫ్లెక్సీ కింద వరసలో నా ఫోటో కూడా వేస్తానన్నాడు.