వెయ్యి గుర్రాల రేడియేటర్

అమెరికాలో పాత పికప్ ట్రక్కులకు కొత్త ఇంజిన్లు బిగించి మురిసిపోయే వాళ్ల కోసం ఒక వింత బజారు నడుస్తోంది. అక్కడ రేడియేటర్లను హార్స్‌పవర్ లెక్కన అమ్ముతారు. ఇది 600 గుర్రాలది, అది 800ది, జేబు ఇంకాస్త వదులు చేస్తే వెయ్యిది. ఇంజిన్ వేడిని తీసుకుపోయి గాలికి అప్పగించే వస్తువుకు గుర్రాల కొలత ఎందుకని అడిగేవాడు అరుదు. బయట ఎండ ఎంత, బండి వేగం ఎంత, ఆ బలం ఎంతసేపు వాడతారు? ఈ మూడింటికీ ఆ అంకె దగ్గర జవాబు ఉండదు. అయినా పెట్టె మీద అది మహా ఠీవిగా కూర్చుంటుంది.

ఈ భక్తికి పెద్ద పీట 1967-72 నాటి షెవర్లే సీ10 ట్రక్కుది. ఆ రోజుల్లో దానికి దొరికిన ఇంజిన్లలో ఒకటి ఆరు సిలిండర్ల 250 క్యూబిక్ అంగుళాలది. కంపెనీ చెప్పిన బలం 155 హార్స్‌పవర్. ఇప్పటి యజమాని దాన్ని పీకేసి, 2008 కార్వెట్‌తో వచ్చిన 6.2 లీటర్ల ఎల్ఎస్3ని దింపుతాడు. అది 430. వెంటనే భాగహారం చేసి, బలం మూడింతలకు దగ్గరైంది కాబట్టి రేడియేటరూ మూడింతలు కావాలని తేలుస్తాడు. ఆ 155 ఏ కాలపు కొలతో మాత్రం చూడడు. అప్పట్లో ఇంజిన్‌ను స్టాండు మీద ఒంటరిగా నిలబెట్టి, ఫ్యాను లాంటి బరువులన్నీ విప్పేసి, గ్రాస్ హార్స్‌పవర్ అని ప్రకటించేవారు. బండిలో ఉన్నట్టుగా కొలిచే నెట్ లెక్కకు అమెరికా కంపెనీలు 1972 ప్రాంతంలో మారాయి. అంటే పాత అంకె ఫ్యాను విప్పి తూచినది, కొత్తది బిగించి తూచినది. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి భాగించి వచ్చిన ఫలితంతో రేడియేటర్ కొంటున్నారు.

అసలు లెక్క ఇంతకన్నా తేలిక. పెట్రోలు మండితే పుట్టే శక్తిలో రమారమి మూడో వంతు చక్రాలను తిప్పడానికి పోతుంది, మూడో వంతు పొగగొట్టం నుంచి, మిగిలిన దానిలో ఎక్కువ భాగం రేడియేటర్ నీళ్లలోకి. కాబట్టి రేడియేటర్ మోయవలసిన వేడి ఇంజిన్ ఆ క్షణాన వెలువరించే బలాన్ని బట్టి ఉంటుంది గానీ, దాని పుట్టుక పత్రంలో రాసిన బలాన్ని బట్టి కాదు. పెట్టెలా గాలిని ఢీకొనే పాత ట్రక్కు చదును రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలంటే కావలసింది 30 నుంచి 40 హార్స్‌పవర్. మిగతా నాలుగు వందలు బానెట్ కింద నిద్రపోతుంటాయి. వాటిని లేపాలని యాక్సిలరేటర్‌ను నేలకంటా తొక్కితే పది సెకన్లు తిరక్కముందే వేగ పరిమితి దాటిపోతుంది. ఆ తర్వాత యజమానికి చల్లదనం కావాల్సింది ఇంజిన్ కోసం కాదు, పోలీసు ముందు తన కోసం.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. నీళ్లు 95 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, 15 డిగ్రీల సియాటిల్ ఉదయాన నీటికీ గాలికీ మధ్య తేడా 80. 45 డిగ్రీల ఫీనిక్స్ ఎండలో అదే తేడా 50. రేడియేటర్ వదిలే వేడి దాదాపు ఈ తేడాను బట్టే నడుస్తుంది. కాబట్టి ఒకే రేడియేటర్ సియాటిల్‌లో చేసే పని ఫీనిక్స్‌లో చేసేదాని కన్నా 60 శాతం ఎక్కువ. మరి ఆ వెయ్యి గుర్రాలు ఏ ఊరి గుర్రాలు?

అంకెల మోజు తీరాక, రేడియేటర్ నడిమి భాగమైన కోర్‌లో నీటి గొట్టాల వరుసల మోజు మొదలవుతుంది. “రెండు వరుసలా? మాది నాలుగు వరుసల కోర్” అని మీసం దువ్వే పెద్దమనుషులు కోకొల్లలు. ఈ గొప్ప రాగి, ఇత్తడి కాలం నాటిది. ఇత్తడి గొట్టాన్ని మరీ వెడల్పు చేస్తే లోపలి ఒత్తిడికి ఉబ్బిపోతుంది. అందుకే దాన్ని సుమారు అర అంగుళం వెడల్పుకే ఆపి, ఒకదాని వెనక ఒకటిగా వరుసలు పేర్చేవారు. అల్యూమినియం గొట్టం అంగుళం, అంతకన్నా ఎక్కువ వెడల్పునూ తట్టుకుంటుంది. అంగుళం గొట్టాలు రెండు వరుసలుంటే అర అంగుళం గొట్టాల నాలుగు వరుసలకు సమానం. పైగా మధ్యలో వృథా అయ్యే సందులు తక్కువ. రాగి వేడిని అల్యూమినియం కన్నా బాగా ప్రవహింపజేస్తుందన్న మాట నిజమే. కానీ పాత రేడియేటర్లో ఆ రాగి రేకులకూ ఇత్తడి గొట్టాలకూ మధ్య సీసం కలిసిన టంకం కూర్చుని ఉందని రాగి భక్తులు చెప్పరు.

వరుసలు పెంచితే మరో చిక్కు. పెళ్లి భోజనాల్లో నాలుగో బంతికి కూర్చున్నవాడికి ఏం మిగులుతుందో, కోర్‌లో నాలుగో వరుసకూ అదే మిగులుతుంది. ముందున్న మూడు వరుసలు గాలిని వేడి చేసి పంపాక, వెనకదానికి దక్కేది వాళ్ల ఎంగిలి గాలి. పైగా కోర్ మందం పెరిగేకొద్దీ గాలి దూరడం కష్టమవుతుంది. గాలికి ఎదురుగా నిలిచే వైశాల్యం పెంచితే వచ్చే లాభం మందం పెంచితే రాదు. ఇవాళ టన్నుల బరువున్న ట్రెయిలర్లు లాగే కంపెనీ పికప్‌లలో చాలావాటికి ఉన్నది ఒంటి వరుస అల్యూమినియం కోర్, రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాంకులు. దాన్ని చూసి మన నాలుగు వరుసల మీసం నవ్వుతుంది.

నూటపాతికేళ్ల క్రితమే ఈ తగవు తీరిపోయింది. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు తేనెపట్టు రేడియేటర్ తయారుచేశాడు. గాలి పోవడానికి 8,070 సన్నని చదరపు గొట్టాలు, వెనక ఒక ఫ్యాను. అంతకు ముందటి డైమ్లర్ బండికి 18 లీటర్ల నీళ్లు కావాల్సి వస్తే, దీనికి తొమ్మిది చాలాయి. బలం పెరిగింది, నీళ్లు సగమయ్యాయి. మేబాక్ పెంచింది గాలికి తగిలే వైశాల్యాన్ని. ఇప్పటి బజారు ఆయన పాఠాన్ని తలకిందులు చేసి, ఎక్కువ నీళ్లు పట్టే మందపాటి డబ్బాను గొప్పగా అమ్ముతోంది. ఎక్కువ నీళ్లుంటే బండి కాస్త ఆలస్యంగా మరుగుతుంది, అంతే.

ఈ నాటకం చూడాలంటే మిషిగన్ వెళ్లాలి. 1995 నుంచి ఏటా ఆగస్టులో డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద పాత బళ్ల ఊరేగింపు జరుగుతుంది. వేల కొద్దీ బళ్లు, నత్తనడక, వేసవి ఎండ. ఆ వేగానికి ఎదురుగాలి ఉండదు. రేడియేటర్‌లోంచి దూరే గాలంతా ఫ్యాను లాగితే వచ్చేదే. ఫ్యాను చుట్టూ ష్రౌడ్ అనే తొడుగు లేకపోతే, రెక్కల ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలోంచే గాలి వస్తుంది, మూలలన్నీ అలంకారమే. రేడియేటర్ చుట్టూ సందులు మూయకపోతే ఇంజిన్ వైపు వేడిగాలి మళ్లీ ముందుకొచ్చి దూరుతుంది. వెయ్యి గుర్రాల రేడియేటర్‌ను అద్దంలా పాలిష్ చేయించి, అందం చెడుతుందని ష్రౌడ్ విప్పేసినవాడికి ఇలాంటి ఊరేగింపే అసలు పరీక్ష. అనుభవమున్న మెకానిక్కులు పాత ఇనుప సామాన్ల యార్డుకెళ్లి లింకన్ మార్క్ 8, ఫోర్డ్ టారస్ కార్ల ఎలక్ట్రిక్ ఫ్యాన్లను తొడుగుతో సహా విప్పి తెచ్చుకునేది ఇందుకే.

ఇక నాటువైద్యం. బండి వేడెక్కితే థర్మోస్టాట్ తీసి పారేయమని ఒక వర్గం. అబ్బే, అలా చేస్తే నీళ్లు మరీ వేగంగా పారి రేడియేటర్‌లో చల్లబడేందుకు వాటికి సమయం చాలదని ఇంకో వర్గం. ఈ రెండో వాదం వింటే నీళ్లు ఇంజిన్‌లో ఆగవనీ, రేడియేటర్‌లోనే విశ్రాంతి తీసుకుంటాయనీ అనిపిస్తుంది. గుండ్రంగా తిరిగే నీళ్లను నెమ్మదిస్తే అవి రేడియేటర్‌లో ఎంత ఆగుతాయో, అదే లెక్కన ఇంజిన్‌లోనూ ఆగి వేడి తాగుతాయి. ప్రవాహం పెరిగితే మోసే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు. థర్మోస్టాట్ పని ఇంజిన్ ఎంతకన్నా చల్లగా నడవకూడదో నిర్ణయించడం. 91 డిగ్రీలది తీసి 82 డిగ్రీలది పెట్టినంత మాత్రాన రేడియేటర్‌కు కొత్త శక్తి రాదు. దాన్ని పూర్తిగా తీసేస్తే సిలిండర్ హెడ్ చుట్టూ నీటి ఒత్తిడి తగ్గి, వేడి చోట్ల ఆవిరి బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఈ పండితులెవరూ రేడియేటర్ మూత వైపు చూడరు. 15 పీఎస్ఐ మూత సరిగా బిగిస్తే మామూలు నీళ్లు కూడా 121 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు వాషరు చిట్లిన మూత మార్చడం తేలిక, కానీ దాన్ని నలుగురికీ చూపించి మెప్పు పొందడం కష్టం.

పెద్ద రేడియేటర్ అక్కర్లేదని దీనర్థం కాదు. ఎడారిలో ట్రెయిలర్ లాగుతూ ఘాట్ రోడ్డు ఎక్కేవాడికి అది తప్పనిసరి. దానికి కొలబద్ద కూడా ఉంది. అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర డేవిస్ డ్యామ్ నుంచి 18 కిలోమీటర్ల ఎత్తురోడ్డు ఉంది. ట్రెయిలర్ లాగే సామర్థ్యాన్ని కొలిచే ఎస్ఏఈ జే2807 ప్రమాణం ప్రకారం కనీసం 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, కంపెనీ చెప్పిన బరువు లాగుతూ ఆ రోడ్డు ఎక్కాలి. మామూలు పికప్ అయితే వేగం 64 కిలోమీటర్లకు తగ్గకూడదు. అందులో ఎండా, వేగమూ, బరువూ, దూరమూ అన్నీ ఉన్నాయి. గుర్రాల పెట్టె మీద మాత్రం ఒక్క అంకె, ఒక్క ఆశ్చర్యార్థకం.

కాబట్టి ఎల్ఎస్ ఇంజిన్ దింపేవాడు అమ్మేవాణ్ని వేరే ప్రశ్నలు అడగాలి. గాలికి ఎదురయ్యే కోర్ వెడల్పు, ఎత్తు ఎంత? గొట్టం వెడల్పెంత? ఆ కోర్‌కు సరిపడే ష్రౌడ్ ఉందా? పై గొట్టం మూతి అంగుళంపావు, కింది గొట్టం మూతి అంగుళంన్నర ఉన్నాయా? హెడ్స్ పైభాగంలో పోగయ్యే ఆవిరిని తీసుకుపోయే సన్నని గొట్టానికి రేడియేటర్‌లో చోటుందా? ఆ చోటు లేదని ఇంజిన్ వైపు రంధ్రానికే బిరడా కొట్టి, మిగిలిన డబ్బుతో పాలిష్ చేయించినవాళ్లున్నారు. ఇన్ని ప్రశ్నలూ విన్నాక అమ్మేవాడు తల గోక్కుని, “మీకైతే 1,200 గుర్రాలది బాగుంటుందండీ” అంటే, పక్క వీధిలో రేకు వంచి ష్రౌడ్ కట్టేవాడి చిరునామా అడిగి పుచ్చుకోవచ్చు.