బ్రేకు ప్యాడ్ల విషయమై కాంపిటీషన్ కమిషన్ వారికి ఒక అర్జీ

మహారాజశ్రీ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా అధ్యక్షుల వారి దివ్య సముఖానికి, షోరూమ్ వెయిటింగ్ హాల్లో ఉచిత కాఫీ తాగుతూ ఎస్టిమేట్ కోసం ఎదురుచూసే కారు యజమానుల తరఫున మనవి.

2014 ఆగస్టు 25న తమ కమిషన్ ఒక ఘనమైన ఉత్తర్వు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరక్కుండా, రిపేరు వివరాలూ పరికరాలూ బయటి మెకానిక్‌ల చేతికి అందకుండా కట్టడి చేసి, ఆ ధైర్యంతో ధరలు పెంచుకున్నారని తేల్చింది. ఆ పెంపు సగటున సుమారు 100 శాతం, కొన్నింటి మీద 5,000 శాతం దాకా పోయిందని కూడా చెప్పింది. ఇకమీదట విడిభాగాలను బయట అమ్మనివ్వాలనీ, బయటి మెకానిక్ చెయ్యి పడిందన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదనీ ఆదేశించింది. జరిమానా సంగతి అప్పీళ్లలో పడింది. 2016 డిసెంబరులో అప్పటి అప్పీలేట్ ట్రైబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తమ నిర్ధారణను నిలబెట్టి, జరిమానాను మాత్రం విడిభాగాల వ్యాపారం మేరకు కుదించింది. ఆ పైన ఏమైందన్నది వకీళ్ల గొడవ. పుష్కర కాలం కావస్తున్న ఆ ఉత్తర్వు షోరూమ్ కౌంటర్ దాకా చేరిందా అంటే మాత్రం, చేరలేదు. ఎందుకు చేరలేదో చెప్పడానికి అరచేతిలో పట్టే ఒక బ్రేకు ప్యాడ్ చాలు.

ప్యాడ్ అంటే ఒక ఇనప ప్లేటు, దాని మీద అతికించిన రాపిడి పదార్థం. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా రెండు ప్యాడ్లు నొక్కిపడితే కారు ఆగుతుంది. పలక మీద బలపంలా అరగడమే వాటి పని. కొత్త ప్యాడ్ మీద ఆ పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చాలి. చాలా ప్యాడ్లకు ఒక సన్నటి ఇనప రేకు ఉంటుంది. మందం అయిపోవచ్చేసరికి అది డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. ఆ కీచు వినబడకుండా పాటల సౌండ్ పెంచుకుని ఇంకొన్నాళ్లు నడిపితే, ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని డిస్కు కూడా పోతుంది. అంటే వ్యవహారమంతా ఒక్క అంకె మీద నిలబడి ఉంది. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది?

కౌంటర్ దగ్గర ఆ అంకె వినబడదు. "ప్యాడ్లు 40 శాతం అరిగాయి సార్, ఈసారే వేయించేసుకుంటే మంచిది" అని వినబడుతుంది. దేనిలో 40 శాతం? పదిలో నాలుగు పోతే ఇంకా ఆరు మిల్లీమీటర్లుంది. మార్చాల్సిన హద్దు రెండు అనుకుంటే, వాడుకోదగ్గ ఎనిమిదిలో సగం మిగిలే ఉంది. శాతంలో చెబితే భయపడాలి, మిల్లీమీటర్లలో చెబితే ఇంటికెళ్లి ఆలోచించుకోవచ్చు. అందుకే శాతంలో చెబుతారేమో అని నాకు అనుమానం. ఆ తర్వాత ఎస్టిమేట్‌లో ప్యాడ్ల కింద లేబరు, దాని కింద బ్రేకు క్లీనింగు, డిస్కును లేతు పట్టించడం వరసగా దిగుతాయి. డిస్కుకు కనీస మందం ఎంత ఉండాలో చాలా వాటి అంచు మీదే చెక్కి ఉంటుంది. దాన్ని కొలిచి చూపించి, ఆ తర్వాత కదా లేతు మాట ఎత్తాలి!

ఇంతకీ ఈ ప్యాడ్లను తయారుచేసేది చాలావరకు కార్ల కంపెనీలు కావు. బ్రేక్స్ ఇండియా, రానే గ్రూపు వంటి సంస్థలు చేసి ఇస్తాయి. రెండోదానికి హైదరాబాద్ దగ్గరే ఫ్యాక్టరీ ఉంది. ఇలాంటి తయారీదారులు తమ సొంత పేరు మీద అమ్మే సెట్లు విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల కొట్లలో దొరుకుతాయి. చాలా కార్లకు కారు కంపెనీ డబ్బాలోవే అక్కడ దొరుకుతాయి, బేరమాడితే ఎంఆర్‌పీ మీద కొంత తగ్గిస్తారు కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ తగ్గింపు మన దాకా వచ్చిందో లేదో తెలియాలన్నా పార్టు నంబరూ, దాని ధరా విడిగా కనబడాలి కదా.

ఇక్కడ కౌంటర్ అవతలి నుంచి మొదటి బాణం వస్తుంది. "బయట వేయిస్తే వారంటీ పోతుంది సార్." తమ ఉత్తర్వు సంగతి అలా ఉంచండి. వారంటీ పుస్తకం తిరగేస్తే, అరిగే భాగాల జాబితాలో బ్రేకు ప్యాడ్లు సాధారణంగా ఉంటాయి, వాటికి వారంటీ వర్తించదని. లేని వారంటీ పోతుందని బెదిరించడం మామూలు ప్రతిభ కాదు. బయటివాడు పని చెడగొట్టి ఇంకో భాగం పాడైతే ఆ మేరకు కంపెనీ కాదనవచ్చు. దాన్ని తమ ఉత్తర్వూ ఒప్పుకుంది, అది న్యాయమే. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం కూడా ఫలానా చోటే రిపేరు చేయించాలని వారంటీకి ముడిపెట్టవద్దంది. అక్కడ ఇంటి ముందు జాకీ పెట్టి ప్యాడ్లు తనే మార్చుకునే తెలుగు ఇంజినీరు, హైదరాబాద్ తిరిగొచ్చాక తాళాలు షోరూమ్ వాళ్ల చేతిలో పెట్టి దండం పెడతాడు.

ప్రాణానికి సంబంధించిన భాగం కదా, అక్కడా పొదుపేనా అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. పని మాత్రం బ్రహ్మవిద్య కాదు. కారు లేపి, స్టాండు మీద నిలిపి, చక్రం ఊడదీసి, చాలా కార్లలో ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ కింది బోల్టు విప్పి పైకి తిప్పితే పాత ప్యాడ్లు చేతికొస్తాయి. ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను క్లాంపుతో మెల్లగా లోపలికి తొయ్యాలి, అప్పుడు పైన డబ్బాలో బ్రేకు ఆయిల్ పొంగుతుంది, కనిపెట్టి ఉండాలి. క్యాలిపర్ జారే పిన్నులకు వేడికి ఆగే గ్రీజు పెట్టాలి. అవి బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ముందే అరిగిపోతుంది, బయటి నుంచి టార్చి వేసి చూసినవాడు బయటి ప్యాడే కనబడి మోసపోతాడు. కుడి ఎడమలు జతగానే మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. అది మరిచినవాడికి మొదటి మలుపులో బ్రేకు అందదు. ఈ పని అందరూ చెయ్యాలని నేను అనడం లేదు. షెడ్లలో పిన్నుల జోలికి పోకుండా ప్యాడ్లు దూర్చేసేవాళ్లూ, ప్యాడ్ల దుమ్మును గాలి గొట్టంతో ఊది పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి పంపేవాళ్లూ ఉన్నారు. అయితే ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే పుస్తకాన్ని తాళం వేసి దాచి, బయటివాడికి పని రాదని ఎగతాళి చెయ్యడం ఏం న్యాయం? మీట నొక్కితే పడే పార్కింగ్ బ్రేకున్న చాలా కార్లలో వెనక ప్యాడ్లు మార్చాలంటే ముందు స్కానర్ తగిలించి పిస్టన్‌ను వెనక్కి తీయించాలి. ఆ స్కానర్ లేనివాడు బలవంతంగా నెట్టి మోటారు పోగొడతాడు. పరికరాలు బయటివాళ్లకు ఇమ్మని తమరన్నది ఇందుకే కదా. భద్రత పేరుతో దాచింది, భద్రతకే చేటు తెస్తోంది.

డూప్లికేట్ల బెడద నిజమే. ఒరిజినల్ ఎక్కడ పడితే అక్కడ, నంబరుతో, ముద్రించిన ధరతో దొరికితే డూప్లికేట్‌కు గిరాకీ తగ్గుతుంది. ఐరోపాలో బయటి తయారీ ప్యాడ్లకు ఆర్90 అనే ప్రమాణం ఉంది. అసలు ప్యాడ్ పనితీరుకు 15 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని దాని నిబంధన, ఆ గుర్తు ప్లేటు వెనకే ముద్రించి ఉంటుంది. కొనేవాడు తిప్పి చూసుకోవచ్చు.

షోరూమ్‌కు అద్దెలున్నాయి, ఏసీ ఉంది, శిక్షణ పొందిన మనుషులున్నారు. ఆ ఖర్చు లేబరు గడిలో రాసుకోమనండి, ఇచ్చేవాడు ఇస్తాడు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది, అందులో కార్లకూ చోటుంది. అక్కడికి పోయేవాడికి ఏం అడగాలో ముందు తెలిసుండాలి. కాబట్టి తమరు ఇంకో వేల కోట్ల జరిమానా వేయనక్కర్లేదు. ప్రతి ఎస్టిమేట్ మీదా నాలుగు చక్రాల ప్యాడ్ల మందం మిల్లీమీటర్లలో, దాని పక్కన మార్చాల్సిన హద్దు, పార్టు నంబరు, ఎంఆర్‌పీ, లేబరు విడివిడిగా రాయించండి. మార్చినప్పుడు పాత ప్యాడ్లను కవర్లో పెట్టి యజమాని చేతికి ఇప్పించండి. స్కేలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
తమ ఉత్తర్వును చదివి, కౌంటర్ దగ్గర చూపించే ధైర్యం లేని
ఒక పౌరుడు