గోడెక్కిన ఘనత

ఊరి నడిబొడ్డు గోడలకు రంగులేసి ఘనత చాటుకోవడం మున్సిపాలిటీల కొత్త మోజు.

గద్వాల గోడకు మగ్గం. బొమ్మ మగ్గమే నయం: కూలీ అడగదు, నూలు ధర పెరిగిందని ఏడవదు.

వనపర్తికి రాజావారి ప్యాలెస్. అందులో 1959 నుంచి పాలిటెక్నిక్. చదివినోళ్లకు ఫ్యాక్టరీ ఏదంటే... పక్క గోడ ఖాళీనే!

చిక్కంతా నాగర్‌కర్నూల్ గోడ మీది ఎత్తిపోతల బొమ్మతోనే. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన. 2023లో నార్లాపూర్‌లో 145 మెగావాట్ల తొలి పంపు స్విచ్చాన్. మరి పొలానికి నీళ్లో? పెయింటరన్నకు చెప్తే సరి, నీలం డబ్బాలు రెండు ఎక్కువ తెస్తాడు.

కింద కొంచెం జాగా వదలండి. దేశమంతా డ్యాములు కట్టిన పాలమూరు లేబర్ బొమ్మకు కాదు, 'ఇచ్చట మూత్రం పోయరాదు' అని రాయొద్దూ!