అకర్మక క్రియ

మా పక్కింటి మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పింఛను అర్జీ కావచ్చు, పెళ్లి శుభలేఖ కావచ్చు, మా వీధిలో ఏ కాగితమైనా ఆయన కలం తగిలాకే గడప దాటుతుంది. ‘ఇప్పించండి’ అని ఉన్నచోట ‘ఇప్పించగలరు’ అని దిద్దుతారు. ‘ఇప్పించండి అంటే అడుక్కున్నట్టు, ఇప్పించాలి అంటే దబాయించినట్టు. ఇప్పించగలరు అన్నామనుకో, ఆ శక్తి ఆయనకు ఉందని ఒప్పుకున్నట్టు. పొగిడితే పడని ఆఫీసరు ఉంటాడా?’ అంటారు. వ్యాకరణంతో పాటు లోకం కూడా తెలిసిన మనిషి అని మాకందరికీ గురి.

అలాంటాయన ఫోను బస్టాండులో పోయింది. ‘పోయింది’ అనేది నా మాట. ఆయన దగ్గర ఆ మాట అంటే ఊరుకోరు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టారో లేదో, చెవికి పోగున్న కుర్రాడొకడు చొక్కా జేబులోంచి ఫోను లాక్కుని జనంలోకి దూకాడు. మాస్టారు వాడి మొహం స్పష్టంగా చూశారు. అరిచారు కూడా. అందరూ బస్సులో సీటు కోసం అరుస్తున్నారు కాబట్టి ఆయన అరుపు అందులో కలిసిపోయింది.

ఫిర్యాదు ఇంట్లోనే తీరిగ్గా రాసుకున్నారు. తోడుగా నేనూ స్టేషనుకు వెళ్లాను. ఎస్సై లేరు. రైటరు కాగితం అందుకుని, రెండో వాక్యం దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

“తెలుగు బాగుంది మాస్టారూ. ఈ ‘లాక్కున్నాడు’ ఒక్కటే ఇబ్బంది.”

“లాక్కున్నాడు కదా మరి!”

“లాక్కున్నాడు అంటే 304 అండీ. తీసేశాడు అంటే 303. పోయింది అంటే ఏ సెక్షనూ లేదు.”

అక్షరాలా నిజమే చెప్పాడు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. పాత ఐపీసీలో విడిగా లేని ‘లాక్కుపోవడం’ ఇందులో 304గా కొత్తగా చేరింది, దానికి మూడేళ్ల దాకా జైలు. ఇలాంటి నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. కట్టిన ప్రతి ఎఫ్‌ఐఆరూ స్టేషను లెక్కలో ఒక అంకె. క్రైమ్ మీటింగులో పైవాళ్లు ఆ అంకె పట్టుకునే ‘డిటెక్షన్ ఏదయ్యా?’ అని నిలదీస్తారు. పోయిన వస్తువుకైతే ఆ బెడద లేదు. జనరల్ డైరీలో ఒక వరుస రాస్తే సరి.

రైటరు ఇదంతా చెప్పలేదు. ఆయన చెప్పింది మాస్టారి క్షేమం కోరి. “దొంగతనం అని రాస్తే ఫోను దొరికినా కోర్టు ఆస్తి అండీ. పిటిషన్ వేసుకోవాలి, లాయరు, వాయిదాలు. ఈ వయసులో మీరు తిరగగలరా? పోయిందని రాసివ్వండి, ఇప్పుడే సీఈఐఆర్ పోర్టల్లో ఎక్కిస్తా. ఎవడైనా కొత్త సిమ్ము వేశాడా, మనకు తెలిసిపోద్ది. దొరికిన రోజే తెచ్చి మీ చేతిలో పెడతాం.”

ఆ పోర్టల్ గురించి ఆయన చెప్పిందీ నిజమే. 2023 నుంచి దేశమంతటా నడుస్తోంది. ప్రతి ఫోనుకూ ఉండే పదిహేనంకెల ఐఎంఈఐ నంబరు అందులో నమోదైతే, సిమ్ము మార్చినా ఫోను ఆచూకీ తెలుస్తుంది.

మాస్టారు కాసేపు ఆలోచించి తెల్లకాగితం అడిగారు. రైటరు చెబుతుంటే ఆయన రాశారు: ‘బస్సు ఎక్కుచుండగా నా ఫోను ఎక్కడనో జారిపోయినది. ఎవరిమీదను అనుమానము లేదు.’ కింద సంతకం, తేదీ.

బయటికొచ్చాక ఆయనకు కోపం రాలేదు. ముచ్చటేసింది! “చూశావుటోయ్? ‘కుర్రాడు ఫోను లాక్కున్నాడు’ అంటే కుర్రాడు కర్త, ఫోను కర్మ. ‘ఫోను జారిపోయింది’ అంటే ఫోనే కర్త. కుర్రాడికి వాక్యంలో చోటే లేదు. గ్లాసు పగలగొట్టిన పిల్లాడు ‘గ్లాసు పగిలిందమ్మా’ అంటాడే, అదే కిటుకు. అకర్మక క్రియకు ఇంత బలముందని బడిలో నేనెప్పుడూ చెప్పలేకపోయాను,” అంటూ దారి పొడుగునా మెచ్చుకున్నారు.

ఫోను దొరికింది. రైటరు మాట తప్పలేదు. కుర్రాడు తన సిమ్మే వేసుకున్నాడు, దొరికిపోయాడు. కబురొస్తే మళ్లీ ఇద్దరం వెళ్లాం. బల్ల మీద ఫోను, బల్ల పక్కన కుర్రాడు, చెవికి అదే పోగు.

“వీడేనండీ! జేబులోంచి లాక్కున్నది వీడే!” అన్నారు మాస్టారు.

“దొరికింది సార్,” అన్నాడు కుర్రాడు ఎస్సై వైపు తిరిగి. “బస్టాండులో కింద పడుంటే తీశాను. ఓనరు ఫోన్ చేస్తే ఇచ్చేద్దామనే సిమ్ము వేసి ఉంచాను.”

తీసిన సిమ్ము ఎవరిది, వేసిన సిమ్ము ఎవరిది అని ఎస్సై అడగలేదు. ఫైల్లోంచి కాగితం తీసి మాస్టారి ముందు పెట్టాడు. “జారిపోయినది. ఎవరిమీదను అనుమానము లేదు. దస్తూరీ మీదే కదండీ?”

తనదే. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు. ఫోను జారిపోతే కుర్రాడికి దొరకడంలో తప్పేముంది? దొరికినదాన్ని దాచుకోవడం కూడా నేరమే అని నేను గొణిగాను. “ఇచ్చేస్తున్నాడుగా,” అన్నాడు రైటరు.

ఆ వారమే దొరికిన ఫోన్లన్నిటినీ బల్ల మీద పరిచి విలేకరులను పిలిచారు. మాస్టారి ఫోను, కుర్రాడు, మాస్టారు, ముగ్గురినీ ఒక ఫొటోలో నిలబెట్టారు. “ఉత్త చేతులతో ఫొటో ఏం బాగుంటుందండీ, కుర్రాడి చేతిలో ఏదైనా పెట్టండి,” అన్నాడు రైటరు.

మర్నాడు జిల్లా పేజీలో వార్త: ‘నిజాయతీ చాటుకున్న యువకుడు’. ఫోను దొరికినది అతనికే, అప్పగించినది అతనే, వృద్ధుణ్ని ఆదుకున్నది అతనే. ప్రతి వాక్యంలోనూ కర్త కుర్రాడే. చివర్లో, ‘యువకుడి నిజాయతీని మెచ్చి రూ.500 నగదు బహుమతి అందజేశారు’ అని ఉంది. ఎవరు అందజేశారో రాయలేదు. ఆ ఐదువందలూ మాస్టారి జేబులోవే.